కొల్లాజెన్ పోగుల మధ్య కణం ఎలా నడుస్తుంది: ప్రయోగం చేసి చూసేవారికి సమగ్ర మార్గదర్శి

కొల్లాజెన్ జెల్లులో ఉన్న ఒక ఫైబ్రోబ్లాస్టును (కణజాలంలో పోగులను తయారుచేసే కణాన్ని) రాత్రంతా పది నిమిషాలకొక చిత్రం చొప్పున తీసి, పొద్దున ఆ చిత్రాలను వరుసగా తిప్పి చూడండి. కణం ముందుకు ఒక సన్నని వేలు చాస్తుంది. ఆ వేలు ఒక పోగును పట్టుకుంటుంది. పోగు వంగి కణం వైపు జరుగుతుంది. కణం ఒళ్లంతా సాగుతుంది గానీ కేంద్రకం మాత్రం రెండు పోగుల మధ్య ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. కాసేపటికి ఆ కేంద్రకానికి ఇసుక గడియారంలా నడుము వస్తుంది. ఒక్క ఉదుటున అది అవతలికి జారుతుంది. వెనక ఉన్న తోక పట్టు వదిలి ముడుచుకుంటుంది. ఇంతా చేస్తే గంటసేపట్లో కణం నడిచిన దూరం ఇరవై మైక్రోమీటర్లు.

ఈ దృశ్యంలో సగం పని కణానిదైతే సగం పని పోగులది. అయినా కణాల వలస మీద ప్రయోగాలు చేసేవారిలో చాలామంది కణం గురించి పది పేజీలు రాసుకుని, జెల్లు గురించి ‘కొల్లాజెన్, 2 మి.గ్రా./మి.లీ.’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. నేనూ మొదట అలాగే చేశాను. జెల్లును కణమంత శ్రద్ధగా కొలిచినప్పుడే ఫలితాలు నిలబడతాయని నాకు అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది. కణాలను పెంచడం వచ్చి, ప్రోటీన్ల అల్లిక కణాల నడకను ఎలా మారుస్తుందో స్వయంగా కొలిచి చూడాలనుకునేవారికి ఆ దారి చూపడమే ఈ వ్యాసం పని.

ముందుగా ఈ ప్రోటీన్ల సంగతి

సంయోజక కణజాలానికి దూలాల వంటిది కొల్లాజెన్. అందులో మొదటి రకం కొల్లాజెన్ చర్మంలో, స్నాయువుల్లో, ఎముకల్లో మెండుగా ఉంటుంది. మూడు గొలుసులు ఒకదానినొకటి పెనవేసుకుని సుమారు 300 నానోమీటర్ల పొడవు, 1.5 నానోమీటర్ల మందం ఉన్న కడ్డీ అవుతుంది. ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ ఉంటుంది, ఎందుకంటే అంతకన్నా పెద్ద అమైనో ఆమ్లం పేట మధ్యలో పట్టదు. ఈ మూడు పేటల నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. కడ్డీలు ఒకదాని పక్కన ఒకటి కొంచెం జరిగి పేరుకోవడం వల్ల పోగు మీద 67 నానోమీటర్లకు ఒకటి చొప్పున చారలు కనిపిస్తాయి. లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఈ కడ్డీల మధ్య అడ్డుబంధాలు వేస్తుంది. బంధాలు పెరిగేకొద్దీ పోగు బిగుస్తుంది.

కణం కొల్లాజెన్‌ను నేరుగా పట్టుకునేది ఇంటిగ్రిన్ అనే గ్రాహకాలతో, ముఖ్యంగా ఆల్ఫా1బీటా1, ఆల్ఫా2బీటా1 జతలతో. ఇంటిగ్రిన్ ఒక చివర పోగును, మరో చివర కణం లోపలి యాక్టిన్ తంతువులను పట్టుకుని ఉంటుంది. బయటి లాగుడు లోపలికి, లోపలి లాగుడు బయటికి చేరేది దీని ద్వారానే.

ఫైబ్రోనెక్టిన్ తీరు వేరు. దానిలో ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడింటి చిన్న వరుస ఉంటుంది. కణాలు పట్టుకునేది ఈ వరుసనేనని 1984లో పియర్ష్‌బాకర్, రువోస్లాటి చూపించారు. ఆల్ఫా5బీటా1 ఇంటిగ్రిన్‌కు ఇదే పిడి. కణం లాగితే ఫైబ్రోనెక్టిన్ విచ్చుకుని, అంతవరకు మడతల్లో దాగిన చోట్లు బయటపడి, అణువుకు అణువు అతుక్కుని పోగవుతుంది. అంటే కణం నడుస్తూనే తన దారిని తానే వేసుకుంటుంది. గాయంలో మొదట ఏర్పడే తాత్కాలిక అల్లిక రక్తపు గడ్డలోని ఫైబ్రిన్, ఫైబ్రోనెక్టిన్‌లదే. ఫైబ్రోబ్లాస్టులు దాని మీదుగా లోపలికి వచ్చి, తర్వాత కొల్లాజెన్‌ను పేరుస్తాయి.

ఎలాస్టిన్ కణజాలానికి సాగే గుణం ఇస్తుంది. అది తెగినప్పుడు విడుదలయ్యే ముక్కలు కొన్ని కణాలను తమవైపు రప్పిస్తాయి కూడా. లామినిన్, నాలుగో రకం కొల్లాజెన్ పరుచుకుని ఉండేది ఆధార త్వచంలో. అది పోగుల అడవి కాదు, పల్చని గట్టి పొర. ఈ వ్యాసంలో వాటి జోలికి పోను. రెండింటినీ ఒకే ప్రయోగంలో కలిపితే ఏది దేనివల్ల జరిగిందో తేలదు.

మొదటి మెట్టు: ఒకేసారి నాలుగు మారుతున్నాయని గుర్తించండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యం. కొల్లాజెన్ గాఢతను 1 నుంచి 4 మి.గ్రా./మి.లీ.కు పెంచారనుకోండి. మీరు మార్చింది ఒక్క అంకె. కణానికి మారినవి మాత్రం నాలుగు: పట్టుకోవడానికి దొరికే చోట్లు పెరిగాయి, రంధ్రాలు చిన్నవయ్యాయి, జెల్లు గట్టిపడింది, పోగుల మందం, అమరిక మారాయి. కణం నెమ్మదించింది సరే, ఈ నాలుగింటిలో దేనివల్ల? ‘కొల్లాజెన్ పెరిగితే వలస తగ్గుతుంది’ అని రాస్తే ఆ వాక్యానికి అర్థం ఉండదు.

కాబట్టి పుస్తకంలో మొదటి పేజీలోనే రాసుకోండి: నేను మార్చేది ఫలానా ఒక్కటి, మిగతా మూడింటిని ఇలా నిలిపి ఉంచుతున్నాను. పూర్తిగా నిలపలేకపోతే, ఎంత మారిందో కొలిచి చెబుతాను. ఈ రెండు వాక్యాలు రాయలేనప్పుడు ప్రయోగం మొదలుపెట్టకండి.

రెండో మెట్టు: పట్టు ఎంత ఉండాలో చదునైన గాజు మీద తేల్చుకోండి

పట్టుకునే చోట్ల సంఖ్యను విడిగా మార్చడానికి అన్నిటికన్నా తేలిక మార్గం ఫైబ్రోనెక్టిన్ పూత. గాజు గట్టిదనం మారదు, రంధ్రాలు ఉండవు. మి.లీ.కు 0.3, 1, 3, 10, 30 మైక్రోగ్రాముల ద్రావణాలను వేర్వేరు గుంటల్లో పోసి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. కడిగి, వేడి చేసి చల్లార్చిన 1 శాతం ఆల్బుమిన్‌తో ఖాళీ చోట్లను మూసేయండి. లేకపోతే కణం ప్లాస్టిక్‌నో గాజునో పట్టుకుంటుంది.

ఇక్కడ నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. పూత గాఢత ఐదు రకాలు, వేగాలు మాత్రం ఐదింటిలోనూ ఒకటే. పూత సరిగా అంటలేదేమోనని మళ్లీ మళ్లీ చేశాను. అసలు కారణం నేను పోసిన పోషక ద్రావణంలో ఉంది. అందులో పది శాతం సీరం ఉంది. సీరంలో ఫైబ్రోనెక్టిన్, కణాలు పట్టుకునే మరో ప్రోటీన్ విట్రోనెక్టిన్ రెండూ ఉంటాయి. అవి గుంటలన్నిటినీ సమానంగా పూసేశాయి. సీరం లేని ద్రావణంలో చేస్తేనే తేడా కనిపిస్తుంది. అదీ మొదటి కొన్ని గంటలే, ఎందుకంటే ఫైబ్రోబ్లాస్టులు తమ సొంత ఫైబ్రోనెక్టిన్‌ను స్రవించి పరుస్తాయి. అందుకే కణాలు అతుక్కున్న గంటకు చిత్రీకరణ మొదలుపెట్టి, ఐదారు గంటల్లో ముగించండి.

సరిగా చేస్తే వచ్చే గీత కొండ ఆకారంలో ఉంటుంది. పూత పల్చగా ఉంటే కణానికి కాలూనే చోటు ఉండదు. మరీ చిక్కగా ఉంటే వెనక పట్టు వదలదు. నడిమి గాఢత దగ్గర వేగం ఎక్కువ. 1997లో పాలెచెక్, ఆయన సహచరులు ఇదే చూపించారు. ఇంటిగ్రిన్ల సంఖ్య మారితే ఈ శిఖరం పక్కకు జరుగుతుంది గానీ మాయమవదు. మీ కణాలకు శిఖరం ఎక్కడుందో తెలిస్తే తర్వాతి మెట్లలో ఆ గాఢతనే వాడండి.

మూడో మెట్టు: గట్టిదనాన్ని విడదీయండి

పాలీఅక్రిలమైడ్ జెల్లుకు కణాలు తమంతట తాము అతుక్కోవు. మీరు పూసిన ప్రోటీన్‌నే పట్టుకుంటాయి. అందువల్ల పూతను మార్చకుండా గట్టిదనాన్ని మాత్రమే మార్చవచ్చు. 5 శాతం అక్రిలమైడ్, 0.15 శాతం బిస్‌అక్రిలమైడ్ కలిపితే దాదాపు 4.5 కిలోపాస్కళ్ల జెల్లు వస్తుంది. 8 శాతం, 0.48 శాతం కలిపితే దాదాపు 40. మెదడు కణజాలం ఒక కిలోపాస్కల్‌కు అటూఇటూగా, కండరం పది దగ్గర ఉంటాయి కాబట్టి ఈ రెండు జెల్లులు శరీరానికి దగ్గరి కొలతలే. రోజూ వాడే ప్లాస్టిక్ గిన్నె గట్టిదనం మాత్రం వీటికి పదుల వేల నుంచి లక్షల రెట్లు ఉంటుంది. గడ్డకట్టని అక్రిలమైడ్ నరాలకు విషం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. పైపొరకు ప్రోటీన్‌ను అతికించడానికి సల్ఫో-శాన్‌పా అనే రసాయనం రాసి అతినీలలోహిత కాంతి చూపించాలి. ఆ ద్రావణం నీటిలో త్వరగా చెడిపోతుంది కాబట్టి అప్పటికప్పుడు కలుపుకోవాలి.

మెత్తని జెల్లు, గట్టి జెల్లు పక్కపక్కనే ఉండేలా పోస్తే ఇంకొకటి కూడా చూడవచ్చు. మెత్తని వైపు నుంచి వచ్చిన ఫైబ్రోబ్లాస్టు సరిహద్దు దాటి గట్టి వైపుకు వెళుతుంది. గట్టి వైపు నుంచి వచ్చినది సరిహద్దు దగ్గర ఆగి, పక్కకు తిరుగుతుంది. 2000లో యూ-లీ వాంగ్ బృందం చూపిన ఈ ప్రవర్తనను డ్యూరోటాక్సిస్ అంటారు. కణం లాగి చూస్తుంది, లొంగని వైపును ఎంచుకుంటుంది.

నాలుగో మెట్టు: కొల్లాజెన్ జెల్లు

ఇక అసలు అల్లిక. అన్నీ మంచులో ఉంచి మొదలుపెట్టండి: కొల్లాజెన్, ఉప్పు ద్రావణం, గొట్టాలు, పిపెట్ మొనలు కూడా.

ముందు ఏ కొల్లాజెన్ అన్నది తేల్చుకోవాలి. ఆమ్లంలో కరిగించి తీసినదానిలో కడ్డీ చివర్లలోని టీలోపెప్టైడ్లు అలాగే ఉంటాయి. పెప్సిన్‌తో తీసినదానిలో అవి తెగిపోతాయి. అడ్డుబంధాలు పడేది ఆ చివర్ల దగ్గరే కాబట్టి పెప్సిన్ కొల్లాజెన్ అల్లిక వదులుగా ఉంటుంది. ప్రోటీన్‌ను కత్తిరించే శక్తి లేని కణాలు కూడా అందులో దూరిపోతాయి, చివర్లు ఉన్న అల్లికలో ఆగిపోతాయి. ‘ఈ కణాలకు దారి కోసుకునే ఎంజైములు అక్కర్లేదు’ అనే నిర్ణయం సీసా మారితే తారుమారవుతుంది. సీసా మీది రకం, బ్యాచ్ సంఖ్య తప్పకుండా రాసుకోండి.

మి.లీ.కు 4 మి.గ్రా. సీసా నుంచి, 2 మి.గ్రా. గాఢతతో ఒక మి.లీ. జెల్లు చేయాలనుకుందాం. కొల్లాజెన్ 500 మైక్రోలీటర్లు, పది రెట్లు చిక్కని ఉప్పు ద్రావణం 80, ఒక నార్మల్ గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ 11.5, శుద్ధమైన చల్లని నీరు 208.5, చివర్లో కణాల ద్రావణం 200. ఉప్పు ద్రావణం వంద కాకుండా ఎనభై ఎందుకంటే, కణాలు వచ్చే 200లో ఉప్పు ముందే ఉంటుంది. ఆ ద్రావణంలో మి.లీ.కు 5 లక్షల కణాలు ఉంటే జెల్లులో లక్ష అవుతాయి. అంతకన్నా ఎక్కువైతే కణాలు జెల్లును లాగి ముడిచేస్తాయి. ఫైబ్రోబ్లాస్టులు కొల్లాజెన్‌ను ఇలా కుదిస్తాయని 1979లోనే బెల్, ఆయన సహచరులు చూపారు. ముడుచుకున్న జెల్లులో రంధ్రాలు మీరు మొదట కొలిచినవి కావు.

సోడియం హైడ్రాక్సైడ్ వేసే క్షణాన్ని దగ్గరగా చూడండి. ఉప్పు ద్రావణంలో పీహెచ్‌ను బట్టి రంగు మారే ఫినాల్ రెడ్ ఉంటే మిశ్రమం మొదట పసుపు పచ్చగా ఉంటుంది. హైడ్రాక్సైడ్ చుక్క పడిన చోట ముదురు గులాబీ తీగలా సాగి, కలుపుతుంటే చెదిరి నారింజకు తిరుగుతుంది. మరో చుక్కకు లేత ఎరుపు. అక్కడ ఆగండి, అది 7.2 నుంచి 7.4 మధ్య పీహెచ్. పసుపులో ఆపేస్తే జెల్లు నీళ్లలా ఉండిపోతుంది, గులాబీ దాకా వెళితే పోగులు సన్నగా వస్తాయి. బుడగలు రాకుండా పిపెట్‌తో నెమ్మదిగా కలపాలి. చిక్కని ద్రావణం మొన గోడలకు అంటుకుంటుంది, అందుకే మొన చివర కాస్త కత్తిరించి వాడితే కొలత సరిగా వస్తుంది. రంగు సరిపడ్డాకే కణాలు కలపండి.

తర్వాత 37 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట. మొదటి పది నిమిషాల్లో రెండు నిమిషాలకొకసారి పళ్లేన్ని తిరగేస్తూ ఉండకపోతే కణాలన్నీ అడుగుకు చేరి గాజు మీదే నడుస్తాయి, మీరు త్రిమితీయ వలస అనుకుని చదునైన వలసను కొలుస్తారు.

గాఢత ఒకటే ఉంచి రంధ్రాలను మార్చే ఉపాయం ఈ వేడిలోనే ఉంది. అదే మిశ్రమాన్ని 37 డిగ్రీల దగ్గర గడ్డకట్టిస్తే పోగులు సన్నగా, దగ్గరగా అల్లుకుంటాయి. ఇరవై డిగ్రీలకు తగ్గించి నెమ్మదిగా గడ్డకట్టనిస్తే పోగులు లావుగా, రంధ్రాలు పెద్దగా వస్తాయి. ప్రోటీన్ మొత్తం రెండింటిలోనూ ఒకటే. గట్టిదనం కొంత మారుతుంది కాబట్టి దాన్ని రియోమీటర్ మీద కొలిచి పక్కన రాయండి. ఇదే గుణం మిమ్మల్ని ముంచగలదు కూడా: ఒక రోజు బల్ల మీద ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజు జెల్లు వేరే జెల్లు.

ఐదో మెట్టు: కణం కన్నా ముందు పోగులను చూడండి

ప్రతి బ్యాచ్‌లో కణాలు లేని జెల్లు ఒకటి పక్కన పెట్టండి. కాన్ఫోకల్ సూక్ష్మదర్శినిలో లేజరు కాంతి పోగుల నుంచి తిరిగి వచ్చేలా అమర్చితే ఏ రంగూ వేయకుండానే అల్లిక తెల్లగా కనిపిస్తుంది. ఒక తలంలో పది చోట్ల చిత్రాలు తీసి, పోగుల మధ్య ఖాళీ వైశాల్యాన్ని కొలవండి. రంధ్రాల సగటు ఒక్కటే చాలదు, పంపిణీ రాయండి, ఎందుకంటే కణం సగటు రంధ్రం గుండా వెళ్లదు, పక్కనున్న పెద్దదాన్ని వెతుక్కుంటుంది.

ఈ అంకెను ఎందుకు ఇంతగా పట్టించుకోవాలో 2013లో కటారీనా వోల్ఫ్, పీటర్ ఫ్రీడల్ బృందం స్పష్టంగా చూపింది. కొల్లాజెన్‌ను కోసే ఎంజైములను ఆపేసినప్పుడు, రంధ్రం విస్తీర్ణం కేంద్రకం అడ్డుకోతలో దాదాపు పదో వంతుకు తగ్గేదాకా కణం ఎలాగో దూరుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. ఆ హద్దు క్యాన్సర్ కణాలకు సుమారు 7 చదరపు మైక్రోమీటర్లు, టి-కణాలనే తెల్ల రక్తకణాలకు 4, న్యూట్రోఫిల్ అనే మరో తెల్ల రక్తకణానికి 2. న్యూట్రోఫిల్ కేంద్రకం తమ్మెలు తమ్మెలుగా, మెత్తగా ఉంటుంది. అది అంత సన్నని సందులో దూరడానికి కారణం అదే. కణద్రవ్యం నీటిలా ఎటైనా ఒదుగుతుంది, అసలు మూట కేంద్రకం.

ఆరో మెట్టు: చిత్రీకరణ

ఫైబ్రోబ్లాస్టుకు పది నిమిషాలకొక చిత్రం చాలు. టి-కణం నిమిషానికి పది మైక్రోమీటర్ల దాకా పరిగెత్తగలదు కాబట్టి దానికి అర నిమిషానికొకటి కావాలి. కేంద్రకానికి రంగు వేసి దాన్నే వెంబడించండి, కణం అంచులను వెంబడిస్తే లెక్క తప్పుతుంది. గాజుకు వంద మైక్రోమీటర్ల లోపు ఉన్న కణాలను లెక్కలోకి తీసుకోవద్దు. గాజు గట్టిదనం అక్కడిదాకా తెలుస్తుంది. జెల్లులో కొన్ని మెరిసే పూసలు కలిపి ఉంచితే జెల్లే జరిగిందా, కణం నడిచిందా అన్నది తేలుతుంది. కణాలకు దూరంగా ఉన్న పూసల కదలికను కణాల కదలికలోంచి తీసేయండి.

ఏడో మెట్టు: లెక్క

కణాల దారులను వెంబడించడానికి, చిత్రాలను విశ్లేషించే ఫిజీ సాఫ్ట్‌వేర్‌లోని ట్రాక్‌మేట్ ఉచితంగా దొరుకుతుంది, బాగా పనిచేస్తుంది. మూడు అంకెలు చూడండి. మొదటిది వేగం. రెండోది సూటితనం, అంటే మొదటి చోటు నుంచి చివరి చోటుకు ఉన్న సూటి దూరాన్ని నడిచిన మొత్తం దూరంతో భాగించగా వచ్చేది. ఎక్కువసేపు వెంబడించిన కణానికి ఈ అంకె దానంతటదే తగ్గుతుంది కాబట్టి సమాన వ్యవధి ఉన్న దారులనే పోల్చాలి. మూడోది సగటు వర్గ స్థానభ్రంశం, అంటే ఒక వ్యవధిలో కణం జరిగిన సూటి దూరపు వర్గానికి సగటు. దాన్ని కాలంతో పాటు లాగరిథమ్ గీతలో పెడితే వాలు 1 దగ్గర ఉంటే కణం దిక్కులేకుండా తిరిగినట్టు, 2 వైపు పోతే దిక్కు పట్టుకున్నట్టు. పోగులు ఒకే వరుసలో ఉన్న జెల్లులో తరచూ వేగం పెద్దగా మారదు, ఈ వాలే పెరుగుతుంది. వేగం ఒక్కటే చూసేవారికి పోగుల అమరిక ప్రభావం కనబడదు.

ఒక జెల్లులో రెండు వందల కణాలను కొలిచినా నమూనాల సంఖ్య రెండు వందలు కాదు, ఒకటే. వేర్వేరు రోజుల్లో, వేర్వేరుగా కలిపిన జెల్లులు కనీసం మూడు ఉండాలి, గణాంకాలు ఆ మూడింటి మధ్య జరగాలి.

ఎనిమిదో మెట్టు: అడ్డుకుని చూడండి

చూసినంత మాత్రాన కారణం తెలియదు. బీటా1 ఇంటిగ్రిన్‌ను ప్రతిరక్షకంతో మూసేయండి: చదునైన కొల్లాజెన్ పూత మీద ఫైబ్రోబ్లాస్టు ఊడిపోతుంది. పెద్ద రంధ్రాలున్న జెల్లులో తెల్ల రక్తకణం మాత్రం పట్టు లేకుండానే ఒదిగి ఒదిగి ముందుకు పోతుంది. కోత ఎంజైములను జీఎం6001 అనే మందుతో ఆపి చూడండి: పెద్ద రంధ్రాల్లో తేడా స్వల్పం, చిన్న రంధ్రాల్లో వలస పడిపోతుంది. లాగుడును బ్లెబిస్టాటిన్ అనే మందుతో తగ్గిస్తే ఇరుకులో కేంద్రకాన్ని లాగే బలం పోతుంది. బ్లెబిస్టాటిన్ మీద నీలి కాంతి పడితే మందు చెడి, కణాలకు విషమవుతుంది. అందువల్ల ఎరుపు రంగు ప్రతిదీప్తినే వాడండి. ఏ మందుకైనా, మందు లేకుండా కరిగించే ద్రావకం మాత్రమే వేసిన జెల్లు పక్కన ఉండి తీరాలి.

మందు వేసిన జెల్లును, వేయనిదాన్ని ఒకే గొట్టంలోని మిశ్రమం నుంచి పోయండి. లేకపోతే మందు తేడా అనుకున్నది జెల్లు తేడా కావచ్చు.

ఫలితాలు పొసగనప్పుడు

గట్టిదనం పెరిగితే చదునైన జెల్లు మీద వేగం పెరిగిందని, కొల్లాజెన్ జెల్లులో గట్టిదనం పెరిగితే తగ్గిందని వస్తే కంగారు పడకండి. చదును మీద కణానికి అడ్డం ఏమీ లేదు, గట్టి నేల మంచి ఊతం. కొల్లాజెన్‌లో గట్టిదనంతో పాటు రంధ్రాలు మూసుకుపోయాయి, ఊతం దొరికినా మూట దూరదు. నాలుగో మెట్టులోని చల్లని జెల్లు, వెచ్చని జెల్లు చిత్రాలను పక్కపక్కన పెట్టి, ఒక్కో కణం దాటిన సందుల వెడల్పును కేంద్రకం వెడల్పుతో పోల్చి చూడండి. కణం ఎక్కడ ఆగిందో, ఆగిన చోట ఏ పోగు అడ్డుపడిందో ఒక్కొక్కటిగా కంటికి కనబడుతుంది.